పురుగుకు పేరుంది, రెక్కలకు లేదు

శనివారం, నిజాంపేట

ముందే చెప్పేస్తాను, దీన్ని యాత్ర అనడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. మొదటి మజిలీ మా అపార్ట్‌మెంట్ టెర్రస్సే కదా, లిఫ్టులో రెండంతస్తులు పైకి పోవడం కూడా యాత్రేనా అంది. నేను వేళ్లు మడిచి లెక్క చెప్పాను. నిజాంపేట మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా, లాల్‌దర్వాజ హైదరాబాద్, అమీన్‌పూర్ సంగారెడ్డి, రాజేంద్రనగర్ రంగారెడ్డి, ఆఖర్న అనంతగిరి వికారాబాద్. వారంలో ఐదు జిల్లాలు తిరిగితే యాత్ర కాక ఇంకేమంటారు? గుళ్ల కోసం కాకుండా రాత్రి లైటు దగ్గరికి వచ్చే పురుగుల కోసం తిరిగాను, అంతే తేడా.

ఏటా జులై చివర్లో మాత్ వీక్ అని ఒకటి జరుగుతుంది. 2012లో అమెరికాలో మొదలైంది, ఇప్పుడు మన దగ్గర కూడా చేసేవాళ్లు ఉన్నారు. పని చాలా తేలిక. చీకట్లో తెల్ల దుప్పటి కట్టి, దాని మీద లైటు వేసి, వచ్చి వాలిన మాత్‌లను, అంటే రాత్రిపూట తిరిగే సీతాకోకచిలుకల్లాంటి వాటిని, ఫొటోలు తీసి, ఏది ఏమిటో గుర్తుపట్టి రాసుకోవడమే. మాత్ అనే రాస్తాను, ఏమీ అనుకోకండి. చిమ్మట అందామంటే మా ఇంట్లో చిమ్మట అంటే చెట్టు మీద కీచుమని అరిచేది, మా ఆవిడ పుట్టింట్లో చిమ్మట అంటే బీరువాలో ఉన్ని శాలువా కొరికేది. శలభం అంటే పద్యం చదువుతున్నట్టు ఉంటుంది. దేవరకొండ దగ్గర మా ఊళ్లో అయితే వాన పడ్డాక వచ్చే ఉసిళ్లతో సహా అన్నిటినీ కట్టగట్టి దీపం పురుగులు అనేస్తారు. ఈ పేర్ల గోల వారమంతా నా వెంటే తిరిగింది.

సామాను పెద్దగా ఏమీ లేదు. పాత బెడ్‌షీటు, బట్టలారేసే తాడు, క్లిప్పులు, పవర్ బ్యాంకు, యూవీ (అతినీలలోహిత) లైటు. ఈ యూవీ లైటు నేను కొన్న రెండోది. మొదటిది ఆన్‌లైన్లో ఒక షాపు అంటగట్టింది, చేత్తో పట్టుకునే టార్చి, డబ్బా మీద యూవీ అనే ఉంది గానీ వేసి చూస్తే పెళ్లి స్టేజీ మీద వేసే ఊదారంగు వెలుతురు, 395 నానోమీటర్లట. పోయిన నెల దాంతో రెండు గంటలు కూర్చుంటే దోమలు తప్ప ఏమీ రాలేదు. కావాల్సింది 365 దగ్గర వెలిగేది. మన కంటికి అది సరిగ్గా ఆనదు, మాత్ కంటికి మాత్రం పట్టపగల్లా కనబడుతుంది. అలాగని దాన్ని నేరుగా చూస్తూ కూర్చోకూడదు, కళ్లు పాడవుతాయి, యూవీని ఆపే కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఊదా టార్చి ఎందుకు పనికొస్తుందో తెలియకపోయినా సంచిలో పడేశాను, డబ్బులు పెట్టి కొన్నది కదా.

కెమెరా పాతదే, 100 ఎంఎం మాక్రో లెన్సు ఉంది. ఫ్లాష్ వెలుగు నేరుగా పడితే రెక్కల మీది పొలుసులు తళుక్కుమని రంగంతా చెడిపోతుంది కాబట్టి ముందు ఒక తెల్లటి పెరుగు డబ్బా మూత కట్టాను, నవ్వకండి, బాగా పనిచేస్తుంది. మొదటి ఇరవై ఫొటోలు నల్లగా వచ్చాయి. ఎదురుగా అంత తెల్ల దుప్పటి ఉంటే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకొని తగ్గించేస్తుంది, ఒక పాయింటు మనమే పెంచాలి. ఎఫ్ 11, ఒకటి బై 200, ఐఎస్ఓ 200 దగ్గర కుదిరింది.

రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర దాకా కూర్చుంటే వచ్చినవి పద్నాలుగు. పక్క ప్లాటులో కడుతున్న టవర్ మీద రాత్రంతా ఫ్లడ్‌లైట్లు, ఊళ్లో మాత్‌లన్నీ అక్కడే ఉన్నాయి, నా దుప్పటి గురించి పట్టించుకునే తీరిక వాటికి లేదు. పద్నాలుగింట్లో తొమ్మిది ఒకటే రకం, గోధుమ రంగు రెక్కల మీద అడ్డంగా తెల్ల పట్టీ ఉండే స్పొలాడియా. దాని పిల్ల, అంటే రెక్కలు రాకముందు పాకే పురుగు, తోటకూర ఆకులు చుట్టుకొని తింటుంది. ఇంకొకటి మాత్రం చూడగానే తెలిసింది, అంటే ఫొటో చూసి పేరు చెప్పే యాప్ చెప్పాక తెలిసింది. తెల్లటి రెక్కలు, వాటి మీద ఇటుకరంగు మచ్చలు, వేలి గోరంత ఉంటుంది, తోక కాస్త పైకి లేపి కూర్చుంటుంది. ల్యూసినోడిస్. గుత్తివంకాయకని కాయ కోస్తే లోపల లేత గులాబీ రంగులో పురుగు కదులుతుందే, దాని తల్లి ఇది. ఇన్నేళ్లలో ఎన్ని వంకాయలు పారేసి ఉంటామో, ఆ తల్లిని ఇంతవరకు చూడలేదు.

దిగి వస్తుంటే లిఫ్టు పక్క గోడకి సిమెంటు రంగులో చప్పిడి గింజలాంటివి నాలుగు అంటుకొని ఉన్నాయి. మీ బాత్రూమ్ గోడ మీదా ఉంటాయి చూడండి, రెండు కొసల్లోంచీ తల బయటపెట్టి ఆ గూడును మోసుకుంటూ ఈడ్చుకుంటూ పోయే చిన్న పురుగు. అది కూడా మాత్ పిల్లే. సాలెగూళ్లు, రాలిన వెంట్రుకలు, చచ్చిన పురుగులు తిని బతుకుతుంది. రోజూ చీపురుతో ఊడ్చేస్తాం.

ఆదివారం, లాల్‌దర్వాజ

బోనాల రోజు. దుప్పటి కట్టే ఆలోచనే లేదు, మా ఆవిడ అక్కావాళ్లింటికి భోజనానికి పోయాం. బండి ఎక్కడో పెట్టి రెండు కిలోమీటర్లు నడిచాం, డప్పులు, పోతరాజులు, తొట్టెలు, సందు నిండా సీరియల్ లైట్లు. రాత్రి తొమ్మిదప్పుడు పందిరికి కట్టిన ఆకుపచ్చ గుడ్డ మీద మా తోడల్లుడి కూతురు ఏదో చూసి, బాబాయ్, ఈ ఆకు ఊపిరి తీసుకుంటోంది అంది.

గన్నేరు హాక్ మాత్. డాఫ్నిస్ నేరై. నా అరచేతిలో సగం ఉంది, ముదురు పచ్చ మీద లేత పచ్చ, మధ్యలో కొంచెం గులాబీ, రెక్కలు వెనక్కి వాలి యుద్ధవిమానంలా ఉంది. ఎగిరే ముందు ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి రెక్కలు సన్నగా వణికిస్తుంది, పిల్ల చూసింది అదే. దీని పురుగు గన్నేరు ఆకులు తింటుంది, నందివర్ధనం కూడా. గన్నేరు పాలు మనకి విషం, దానికి అన్నం. హైదరాబాద్‌లో రోడ్డు మధ్య డివైడర్ల నిండా గన్నేరే కదా, దీనికి ఈ ఊరు ఒక పెద్ద మెస్సులాంటిది. ఫోన్‌తో రెండు ఫొటోలు తీశాను, మూడోది తీసేలోపు వెనక ఒకావిడ, అమ్మ దర్శనానికొచ్చింది బిడ్డా, ముట్టకు అంది. ముట్టలేదు.

సోమవారం, అమీన్‌పూర్

దీని గురించి ఎక్కువ చెప్పను. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, చుట్టూ ఇళ్లు పెరిగిపోయాయి గానీ గట్టు పక్కన ఇంకా పొదలున్నాయని ఆశపడి పోయాను. అడిగి తెచ్చుకున్న 160 వాట్ల మెర్క్యురీ బల్బు పెట్టాం, తమ్ముడి కారు బ్యాటరీకి ఇన్వర్టర్ తగిలించి. ఇరవై నిమిషాల్లో గస్తీ బండి ఆగి ఏం చేస్తున్నారని అడిగింది. పురుగుల ఫొటోలు సార్ అంటే ఆయన దుప్పటి వంక, నా వంక, మళ్లీ దుప్పటి వంక చూసి, పురుగులా అని ఇంకోసారి అడిగి, తొందరగా ఇంటికి పోండన్నాడు. ఆ తర్వాత వాన. కాలుతున్న బల్బు మీద మొదటి చినుకు పడగానే టప్పుమని పగిలింది. అలా పగులుతుందని చదివాను, పైన ఒక గిన్నె బోర్లించాలని కూడా చదివాను. మా తమ్ముడు ఇంటిదాకా మాట్లాడలేదు.

మంగళవారం, రాజేంద్రనగర్

పంట పురుగుల మీద పనిచేసే స్నేహితుడు ఒకడున్నాడు, వాళ్ల క్వార్టర్ వరండాలో దుప్పటి కట్టుకోనిచ్చాడు. వాడికి ఇది హాబీ కాదు, ఉద్యోగం. పొలాల్లో దీపపు ఎరలు పెట్టి, రాత్రికి ఏ రకం ఎన్ని పడ్డాయో పొద్దున్నే లెక్కపెట్టి, ఆ లెక్కను బట్టి మందు కొట్టాలా వద్దా చెప్తారు.

నేను నా జాబితా చూపిస్తే మొదట పేర్లన్నీ చదివి, తర్వాత వాడి భాషలో చెప్పడం మొదలుపెట్టాడు. స్పొడాప్టెరా లిటూరా అంటే లద్దె పురుగు. హెలికోవెర్పా అంటే శనగపచ్చ పురుగు. దుప్పటి మూలన కూర్చున్న పసుపురంగు బుల్లిది, రెక్కకొకటి చొప్పున నల్ల చుక్క, అది వరి కాండం తొలిచేది. దాని పక్కన ఉన్నది ఆకుముడత. పత్తిలో గులాబీ రంగు పురుగు, కందిలో మరుకా మచ్చల పురుగు. నాకు అప్పుడు తట్టింది, ఇన్ని పేర్లలో ఒక్కటీ ఈ దుప్పటి మీద వాలినదానిది కాదు. అన్నీ దాని పిల్ల పేర్లే. తినేది పిల్ల కాబట్టి, నష్టం చేసేది పిల్ల కాబట్టి, రైతు తిట్టుకోవడానికైనా దానికి పేరు పెట్టుకున్నాడు. రెక్కలొచ్చాక రాత్రి తిరుగుతుంది, ఎవరి కంటా పడదు, ఇంక దానికి పేరెవరు పెడతారు? తెలుగులో మాత్‌లకు పేర్లు లేవని నేను ఎప్పుడూ గొణుగుతుంటాను గానీ సగం పేర్లు మనవాళ్ల నోట్లోనే ఉన్నాయి, కాకపోతే రెక్కలు రాకముందువి.

కత్తెర పురుగును కూడా అక్కడే చూశాను. అమెరికా ఖండాల్లో పుట్టిన పురుగు, మన దేశంలో 2018లో మొదట కర్ణాటకలో కనబడింది, తర్వాత మన మక్కచేలను ఏం చేసిందో అందరికీ తెలుసు. మగదాని రెక్క కొసన తెల్లటి త్రికోణపు మచ్చ ఉంటుంది. మచ్చ అరిగిపోతే ఏం చేస్తావురా అంటే, కడుపు కోసి జననాంగాలు మైక్రోస్కోపు కింద చూస్తాం అన్నాడు. చాలా రకాలకు అదొక్కటే దారట. ఫొటో చూసి ప్రతిదానికీ జాతి పేరు చెప్పేవాడిని నమ్మకు, నీ యాప్‌తో సహా అన్నాడు. నేను ఎవర్నీ కొయ్యను, కాబట్టి నా జాబితాలో కొన్ని పేర్లు సగంలోనే ఆగిపోతాయి. ఫొటోలైనా ఎలా తీయాలో సరిగ్గా చెప్పాడు. రెక్క మొత్తం ఒకే స్పష్టతతో రావాలంటే కెమెరా దానికి సమాంతరంగా నిటారుగా ఉండాలి, పక్క నుంచి మీసాలు పడేలా ఇంకోటి, పుల్లతో మెల్లగా కదిపి వెనక రెక్క కనబడ్డప్పుడు ఇంకోటి, పక్కన ఒక స్కేలు. అందం కోసం తీసే ఫొటో వేరు, పేరు కోసం తీసే ఫొటో వేరు అని వాడి గోల.

బుధవారం

ఆఫీసు. మీటింగులో నిద్రపోయాను. రాత్రి కూడా నిద్రే.

గురువారం, అనంతగిరి

అమావాస్య. నాయన కళ్ల పరీక్షకని ఊరి నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. సంచులు సర్దుతుంటే మా ఆవిడ, అమావాస్య నాడు అడవికా అని మొదలుపెట్టింది. వెన్నెల ఉంటే లైటు పక్కన వెలవెలబోతుంది, పురుగులు సరిగ్గా రావు, అమావాస్యే కావాలి అంటే వినదే. ఆఖరికి నాయనే, చేను కావలికి పోయినోళ్లం, అమావాస్య పున్నమి చూసుకుంటే పంట ఇంటికొస్తదా, నేను పోతున్న వీనితోని అన్నాడు. ఆయన వస్తాడని నేను అనుకోలేదు. గమ్‌బూట్లు మాత్రం ఇద్దరికీ ఉండాల్సిందే అన్నాడు, వానాకాలం రాత్రుళ్లు కట్లపాములు తిరుగుతాయి.

మొయినాబాద్ దాటాక చేవెళ్ల దారిలో మర్రిచెట్లు మొదలవుతాయి, దాదాపు తొమ్మిది వందల చెట్లు, రోడ్డు వెడల్పు గొడవలో వీటి పేరు వినే ఉంటారు. టీకి ఆగితే హోటల్ ట్యూబ్‌లైటు కింద గోడకి ఒక ఆసోటా నిద్రపోతోంది. గోధుమ రంగు రెక్క, ఈనెలన్నీ తెల్లగా గీసినట్టు, మెడ దగ్గర పసుపు మీద నల్ల చుక్కలు. దీని పిల్ల తినేది ఎక్కువగా మర్రి, మేడి జాతి ఆకులే. ఆ చెట్లు పోతే ఈ గోడ మీద ఇది ఉండదు. టీ హోటలాయన అది రోజూ ఉంటదని తేల్చేశాడు.

అడవిలో రాత్రి ఉండనివ్వరు, ఉండకూడదు కూడా. మా ఆవిడ మేనమామగారి మామిడితోట గుట్ట అంచునే ఉంది. రెండు చెట్ల మధ్య దుప్పటి కట్టి, అడవి వైపు ముఖం పెట్టి, ఏడుంపావుకి లైటు వేశాం. గాలి లేదు, ఉక్కపోత, మబ్బు. ఇంతకంటే మంచి రాత్రి దొరకదు.

మొదటి గంటలో పేడపురుగులు, చిన్నా చితకా. ఎనిమిదిన్నర దాటాక దుప్పటి నిండడం మొదలైంది. మాత్‌లు లైటు మీద మోజుతో వస్తాయని చిన్నప్పటి నుంచి విన్నదే, కానీ కూర్చొని చూస్తే అవి లైటు దగ్గరికి రావు, దాని చుట్టూ తిరుగుతాయి, తిరుగుతూ వీపు ఎప్పుడూ లైటు వైపే ఉంచుతాయి. 2024లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన అధ్యయనంలో హైస్పీడ్ కెమెరాలు పెట్టి ఇదే తేల్చారు. రాత్రి ఆకాశం నేల కంటే వెలుతురుగా ఉంటుంది కాబట్టి వెలుతురు వైపు వీపు పెట్టి ఎగిరితే తలకిందులు కాకుండా పోవచ్చు, లక్షల ఏళ్లుగా అదే అలవాటు. మనం ఆ వెలుతురు తెచ్చి పక్కన పెడితే పాపం అవి పక్కకి ఒరిగి, అక్కడే గిరగిరా తిరిగి చిక్కుకుపోతాయి. నాయనకి చెప్తే, అంటే మనం వాటికి తప్పుదోవ చూపిస్తున్నమన్నట్టు అన్నాడు. అవును, అందుకే లైటు తెల్లారేదాకా ఉంచం.

తొమ్మిదిన్నరకి ఒక నిమ్మపచ్చ రంగుది వచ్చింది, చలికాలం కోటు వేసుకున్నట్టు ఒళ్లంతా నూగు. ట్రబాలా విష్ణౌ. మన దేవుళ్ల పేర్లు పురుగులకు పెట్టడం ఆ కాలం యూరప్ వాళ్లకు ఒక సరదా. అనంతపద్మనాభుడి గుట్ట కింద విష్ణువు పేరుతో ఒకటి వాలిందంటే నాయన సీరియస్‌గా దండం పెట్టాడు. దీని పిల్ల నేరేడు, జామ, దానిమ్మ ఆకులు తింటుంది.

దగ్గర్లో ఇంకొకటి, లేత గులాబీ రెక్క మీద నల్ల గీత, క్రియాటొనోటోస్ గాంగిస్. మామూలుగానే ఉంది. నేను లెన్సు పెట్టి చూస్తుండగా దాని కడుపు కొస చీలి లోపల్నించి నాలుగు గొట్టాలు బయటికి వచ్చాయి, బెలూన్ ఊదినట్టు మెల్లగా, ఒక్కోటీ దాని ఒళ్లంత పొడుగు, సీసాలు కడిగే బ్రష్షులా వెంట్రుకలు. అలా రెండు నిమిషాలు గాలిలో ఆడించింది. మగది, ఆడదానికి వాసన పంపుతోంది. చిన్నప్పుడు, అంటే పురుగుగా ఉన్నప్పుడు, కొన్ని మొక్కల్లోని చేదు రసాయనాలు ఎంత ఎక్కువ తింటే ఈ గొట్టాలు అంత పెద్దవవుతాయి. నాయన ముఖం పక్కకి తిప్పుకొని, థూ, ఏం సిగ్గులేని జన్మరా అన్నాడు, ఒక నిమిషం తర్వాత అయిపోయిందా అని వంగి చూశాడు.

ఒక చిన్న తమాషా కూడా చేసి చూపించాను. దుప్పటి చుట్టూ తిరుగుతున్నవాటి దగ్గర కారు తాళాల గుత్తి గట్టిగా ఆడిస్తే రెండు మూడు రాయిలా కింద పడిపోయాయి. తాళాల చప్పుడులో మనకు వినబడని సన్నటి ధ్వని ఉంటుంది, వాటి చెవికి గబ్బిలం అరుపులా వినిపిస్తుంది, ప్రాణం దక్కించుకోవడానికి రెక్కలు ముడిచేస్తాయి. నాయన తాళాలు లాక్కొని ఇంకో పదిసార్లు ఆడించాడు.

ఇంతకీ చెప్పాల్సింది పదకొండప్పటి సంగతి. దుప్పటి కింది అంచున బూడిద, మట్టి కలిసిన రంగులో ఒకటి, ఏ అందమూ లేదు. గడ్డిపరకతో కదిపితే ముందు రెక్క జరిగి వెనక రెక్క కనబడింది, నల్లగా, మధ్యలో తెల్ల పట్టీ, అంచున తెల్ల చుక్కలు. అకేయా జనాటా. దీన్ని గుర్తుపట్టినవ్ కదా నాయనా అన్నాను. కళ్లద్దాలు సర్దుకొని చూసి, లే, నేనెప్పుడు చూడలే దీన్ని అన్నాడు. ఇది ఆముదం మీది దాసరి పురుగు తల్లి అని చెప్పాను.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. మాకు నాలుగెకరాల ఆముదం ఉండేది. పురుగు పడ్డ ఏడు ఆకు మొత్తం పోయి ఈనెల గూడు మిగిలేది, నాయన, అమ్మ, మేం పిల్లలం డబ్బాలు పట్టుకొని వరసకొకళ్లం ఏరేవాళ్లం. అది నడుం పైకి లేపి వంగుకుంటూ నడుస్తుంది, దాసరి దండం పెట్టినట్టు నడుస్తది కాబట్టి దాసరి పురుగు అని నాయన చెప్పేవాడు. నలభై ఏండ్లు దీని పిల్లలతోని కొట్లాడిన, తల్లి మొఖం ఇయ్యాల చూస్తున్న అన్నాడు. కొడతాడేమో అనుకున్నా, కొట్టలేదు, పరక తీసుకొని తనే ఇంకోసారి రెక్క జరిపి చూశాడు. తర్వాత ఎర్ర గొంగళి సంగతి చెప్పాడు. తొలకరికి భూమిలోంచి తెల్ల రెక్కల పురుగులు లేచేవి, ఊరందరూ ఒకే రాత్రి గట్ల మీద మంటలు పెట్టేవాళ్లు, అవి వచ్చి మంటల్లో పడేవి. నువ్వు దుప్పటి కట్టినవ్, మేం పెంట కాలబెట్టినం, పని ఒక్కటే అన్నాడు. పని ఒకటి కాదని నాకు తెలుసు గానీ వాదించలేదు.

అర్ధరాత్రి దాటాక మూత్రానికి లేచినప్పుడు నాయన సంచిలో చెయ్యి పెట్టి టార్చి అనుకొని ఆ ఊదాది తీశాడు. వేసుకుంటూ నాలుగడుగులు వేసి, అరే ఇటు రారా అని కేక. రాళ్ల సందులో తేలు, రేడియం ముల్లులా ఆకుపచ్చగా వెలుగుతోంది. తేలు పెంకు ఈ వెలుతురులో అలాగే మెరుస్తుంది, 395 అయినా సరిపోతుంది. మామూలు టార్చి వేస్తే అక్కడ తేలున్నట్టే తెలియదు, ఊదాది వేస్తే పచ్చగా వెలుగుతుంది. ఇంకా చాలాసేపు తిరిగి ఆ తోటలో పదకొండు తేళ్లు లెక్కపెట్టాడు, మాత్‌ల వైపు మళ్లీ రాలేదు.

శుక్రవారం, అదే తోట

నాలుగింటికే లైటు ఆపి దుప్పటి దులపాలి, లేకపోతే తెల్లారేసరికి పిట్టలు పండగ చేసుకుంటాయి. నేను నాలుగున్నరకి లేచాను. అప్పటికే రెండు గోరువంకలు దుప్పటి కింద వరసగా ఏరుకుంటున్నాయి, నేల నిండా ఒట్టి రెక్కలు. ఆ అరగంట నా తప్పు.

రాత్రికి లైటు వద్దనుకున్నాం. కొన్ని పెద్ద మాత్‌లు లైటుకంటే తిండికి బాగా వస్తాయి. బాగా మగ్గిన అరటిపండ్లు, బెల్లం, కల్లు కలిపి పొద్దంతా ఎండలో పెట్టి, చీకటి పడ్డాక ఐదు మామిడి చెట్ల మొదళ్లకు బ్రష్షుతో పూయాలి. వేరే దేశాల్లో బీరో రమ్మో కలుపుతారు, మనకి కల్లు ఉండగా అవెందుకు? సీసా కల్లు చెట్టుకు పోస్తున్నానని తెలిసి తోట కావలి తాత పడ్డ బాధ అంతా ఇంతా కాదు. సగం ఆయనకే ఇచ్చాను.

ఎర్ర కాగితం చుట్టిన టార్చితో గంటకోసారి చెట్లన్నీ చూసి రావాలి, ఎర్ర వెలుతురుకు అవి పెద్దగా బెదరవు. మూడో చుట్టులో రెండో చెట్టు మీద రెండు కళ్లు. గుడ్లగూబ కళ్లలాంటి వలయాలున్న ఎరెబస్, రెక్కలు చాపితే నా అరచెయ్యంత. నాలుగో చెట్టు మీద ఎండుటాకు అనుకున్నది కదిలింది, వెనక రెక్క నారింజ రంగు, మధ్యలో గుండ్రటి నల్ల బొట్టు. యూడోసిమా మెటర్నా. నేను పేరు చెప్పేలోపే నాయన, ఓరి, ఇది బత్తాయి మీది రెక్కల పురుగు కదా అన్నాడు.

చూశారా. దీన్ని రెక్కలతోనే గుర్తుపట్టాడు, ఎందుకంటే ఇక్కడ నష్టం చేసేది పిల్ల కాదు, రెక్కల తల్లే. దీని నాలుక కొస సూదిలా గట్టిగా ఉండి అంచున ముళ్లుంటాయి, పండిన బత్తాయి తొక్కకి బెజ్జం చేసి రసం తాగుతుంది, ఆ బెజ్జంలోంచి బూజు పోయి కాయ కుళ్లి రాలుతుంది. నల్గొండ బత్తాయి రైతులు రాత్రుళ్లు లాంతర్లు పట్టుకొని చెట్టు చెట్టూ తిరిగి వీటిని కొట్టేవాళ్లు. దీని పిల్లను మాత్రం నాయన ఎన్నడూ చూడలేదు, అది తోటలో ఉండదు, కంచె మీది తిప్పతీగ తింటూ ఉంటుంది. కరోనా అప్పుడు కషాయానికని తిప్పతీగ మా తోట కంచె పొడుగునా పాకించింది ఈయనే. ఆ మాట చెప్పగానే, గది ముందుగాల చెప్పొద్దా అని నా మీద లేచాడు.

శనివారం, ఇంటికొచ్చాక

నాలుగు వందల పైచిలుకు ఫొటోలు. పనికొచ్చేవి నూటయాభై. యాప్‌లో పెట్టి, మాత్స్ ఆఫ్ ఇండియా సైటులో పోల్చుకొని, కొన్నిటికి బ్రిటిష్ ఇండియా మాత్‌ల మీద హాంప్సన్ 1892లో మొదలుపెట్టి రాసిన పాత సంపుటాల దాకా పోయి, డెబ్బై ఒక్క రకాలు తేల్చాను. జాతి పేరు ధైర్యంగా రాసినవి ఇరవై తొమ్మిది, మిగతావి కుటుంబం దగ్గరో ప్రజాతి దగ్గరో ఆగాయి. ఒకదానికి యాప్ మూడు రోజుల్లో మూడు పేర్లు చెప్పింది, దాన్ని వదిలేశాను. జాబితాలో ఇంకో గడి పెట్టాను, పిల్ల పేరు అని. పద్దెనిమిది నిండాయి. అందులో ఆరు నాయన నోటి నుంచి వచ్చినవే.

ఆదివారం పొద్దున ఎంజీబీఎస్‌లో దేవరకొండ బస్సెక్కిస్తుంటే సంచి చూపించి, ఆ ఊదా లైటు నీకు పనికిరాదన్నవ్ కదా, తీస్కపోతున్న అన్నాడు. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను. తిప్పతీగ పీకావా నాయనా అంటే, దాని సంగతి రేపు చూద్దాం, మన బాయి గోడకు ఏడున్నయ్, చెప్పుల కింద ఒకటుండె, మీ అమ్మ చూసి బెదిరింది అన్నాడు.